మధ్యాహ్నపు మూత

మూత పడింది. పైకప్పు మీద ఇనుప పళ్ళచక్రాలు కిర్రుమంటూ తిరిగి, చివర్లో ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయాయి, టెలిస్కోపు మీద పడుతున్న ఆకాశం కాస్తా పోయింది, గదిలో ట్యూబులైటు వెలుగూ ఏసీ హోరూ మిగిలాయి, ఇక గంటసేపు చేయడానికి పనేమీ లేదు కనుక ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ ఖాళీ అట్టపెట్టె మీదికి చాపి, కుర్చీలో వెనక్కి వాలింది. ఏడాదిలో కొద్ది వారాలే ఇలా. ఈ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలబడతాడు. నిటారుగా పైకి చూస్తూ కూర్చున్న టెలిస్కోపు అప్పుడు గనక కన్ను మూసుకోకపోతే, దాని పెద్ద అద్దం ఎండనంతా పోగుచేసి దారప్పోగంత గాజుతీగ కొన మీద గుమ్మరిస్తుంది, తీగ మాడిపోతుంది, ఆ తీగ చివర కూర్చుని వెలుగు కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునే సున్నితమైన పరికరం గుడ్డిదైపోతుంది. అందుకని మూత. ఆ మూతకో మనిషి కూడా ఉన్నాడు. ఉద్యోగపు కాగితాల్లో ఆయనకు వేరే పేరు, టెక్నీషియన్ అనే హోదా ఉన్నాయి గానీ, డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరికీ ఆయన మూత బాబాయే. చక్రాలకు గ్రీజు పెట్టేదీ ఆయనే, వాన వాసన రాగానే తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తుకొచ్చి మూసేదీ ఆయనే. గది మూలన రేకుకు చిన్న చిల్లు పెట్టి, దానికింద నేలమీద సుద్దముక్కతో ఇంత పెద్ద గుండ్రం గీసిందీ ఆయనే. చిల్లులోంచి దిగిన ఎండచుక్క గుండ్రంలోకి అడుగు పెడితే మూత వెయ్యాలి, అవతలి అంచు దాటితే తియ్యాలి. కంప్యూటరు కూడా ఆ లెక్క చెబుతుంది గానీ దాన్ని ఎవరూ అడగరు.

"ఆ కాసేపు కునుకు తియ్యండమ్మా," అన్నాడు మూత బాబాయి, చేతులకున్న గ్రీజు పాతగుడ్డకు తుడుచుకుంటూ. "నిన్న మధ్యాహ్నం మూత తీసినప్పుడు కూర్చున్నారు, ఇంకా అలాగే ఉన్నారు. అసలు మీకిది నిద్రవేళే కదా."

"అదే రావట్లేదు బాబాయ్."

"రావట్లేదని కూర్చుంటే వస్తుందా? కళ్ళు మూసుకుని పిలవాలి. నేను వెళ్ళి పైన చక్రాలు చూసొస్తా," అని ఆయన నిచ్చెనెక్కిపోయాడు.

నిద్రవేళే. నిజమే. మామూలు మనుషులకు పట్టపగలు అయినది ఆమెకు చాలా ఏళ్ళుగా నడిరేయి, తెల్లారగట్ల ఇంటికి చేరి, మందపాటి తెరలు లాగి, సాయంత్రం నాలుగు దాకా శవంలా పడుకునే మనిషి, ఇవాళ మాత్రం కళ్ళలో ఇసుక పోసినట్టున్నా మెదడు పొయ్యి మీది పాలగిన్నెలా ఉంది, ఏ క్షణాన పొంగుతుందో తెలియదు. కారణం ఆమెకు తెలుసు. సాయంత్రం తమ్ముడు వస్తాడు. కారు వేసుకుని వస్తాడు, నాన్నని తీసుకెళ్ళిపోతాడు. నిన్న ఆమె బయల్దేరేటప్పటికే నాన్న ట్రంకుపెట్టె గుమ్మం పక్కకు చేరింది, దానిమీద ఒక చేతిసంచి, సంచిమీద మడత పెట్టిన శాలువా, శాలువా మీద కళ్ళజోడు డబ్బా, అన్నీ ఒకదానిమీద ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి, రైలు ఇంకా రాలేదు కదా అని ఓపిక పట్టిన ప్రయాణికుల్లాగా. ఆమెకు నాన్నని పంపడం ఇష్టం లేదు. అంత తేలిక మాట తనలో తను అనుకోవడానికి కూడా ఈ వారంలో తీరిక దొరకలేదు, ఇప్పుడు మూత పడింది కాబట్టి దొరికింది. ఇష్టం లేదు, కానీ పంపాలని చెప్పిందీ తనే.

ఎండచుక్క గుండ్రంలోకి అప్పుడే కాలుపెట్టింది, రూపాయి బిళ్ళంత ఉంది, అంచులు కొంచెం వణుకుతున్నాయి. అది కదులుతున్నట్టు కనిపించదు, కాసేపు పక్కకు చూసి మళ్ళీ చూస్తే మాత్రం జరిగి ఉంటుంది. చిన్నప్పుడు పడకగది తలుపు సందులోంచి ఇలాంటిదే ఒక ఎండచార నేలమీద పాకుతూ ఉండేది, దాని పక్కన ఆమె, తమ్ముడు బోర్లా పడుకుని చారతో పాటే పాకేవాళ్ళు, చార గోడ ఎక్కేసరికి నాన్న లేస్తాడు, అప్పుడిక దగ్గొచ్చు, తుమ్మొచ్చు, దెబ్బలాడుకోవచ్చు. నాన్నది పత్రిక అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ. ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు పెద్ద మెషిను పక్కన నిలబడి, ఊరు లేచే వేళకు ఇంటికొచ్చి, పగలంతా పడుకునేవాడు. ఆ పడుకునే గంటలన్నీ అమ్మ ఇంటికి నోరు కుట్టేసి ఉంచేది. గిన్నెల కింద తువ్వాలు పరిచేది. గోడగడియారాన్ని వంటింట్లోకి మార్చేసింది, దాని టిక్కుటిక్కు ఆయన చెవిన పడకూడదని. తలుపు గొళ్ళేనికి మెత్తటి గుడ్డ చుట్టేది, వేసినా తీసినా టంగుమనకుండా. పాలవాడికి, పక్కింటి పిల్లలకు, అరుస్తూ వచ్చే పాతసామాన్లవాడికి అందరికీ తమ వీధిలో ఇంత దూరం నోరు మూసుకుని నడవాలని చెప్పి పెట్టింది, పాతసామాన్లవాడు అయితే నిజంగానే వాళ్ళ ఇంటి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని దాటేవాడు, లేకపోతే అమ్మతో పెట్టుకోవాలి మరి.

అందుకని ఆమెకు నాన్నంటే మొదట్నుంచీ ఒక మూసిన తలుపు. లేచాక కూడా మాట్లాడేవాడు కాదు. మెషిన్ల మోతలో మాటలు వినపడవు కాబట్టి ప్రెస్సులో అందరూ సైగలతోనే పని గడుపుకునేవాళ్ళట, ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాడు. రెండు వేళ్ళు చూపితే మంచినీళ్ళు. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపమని, ఇంట్లో అయితే అల్లరి ఆపమని. చూపుడువేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా ఒక్క చుట్టు తిప్పితే నడవనీ అని, మెషిను ఆపొద్దు, కాగితం బాగా వస్తోంది, నడవనీ. తమ్ముడు లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్ననాడు కూడా ఆ ఒక్క చుట్టే తిప్పాడు. వాడు ఆ రోజంతా తనూ వేలు తిప్పుతూ వీధంతా తిరిగాడు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది, ఒక్క మాట అంటే నాన్న సొమ్మేం పోయింది అని.

పైన మూత బాబాయి నడుస్తున్నాడు, రేకు డబడబమంటోంది. ఆ డబడబ వింటే ఆమెకు ఎప్పుడూ తనకు ఈ చదువు నేర్పిన మాస్టారి పాఠం గుర్తొస్తుంది, మొదటి రోజు పాఠం, ఆ రోజు గది పైకప్పు మీద వాన ఇలాగే మోగుతుంటే ఆయన గొంతు చించుకుని చెప్పారు. సముద్రానికే కాదు, గాలికీ ఆటుపోట్లున్నాయి. సముద్రానిది చంద్రుడితో లెక్క, గాలిది సూర్యుడితో. పొద్దెక్కేకొద్దీ ఎండకు గాలి వేడెక్కి ఉబ్బుతుంది, పొద్దు వాలాక కుంగుతుంది, రోజూ జరిగే ఈ ఉబ్బూ కుంగూ ఒక అలై పైకి బయల్దేరుతుంది. నేలమీద మనకు అది తెలియను కూడా తెలియదు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుతుంది, గాలి పల్చబడేకొద్దీ అల పెద్దదవుతుంది, విమానాలకు అందనంత ఎత్తు, మబ్బులకు అందనంత ఎత్తు, ఉల్కలు కాలి రాలే ఎత్తుకు చేరేసరికి అది పెద్ద పోటై ఊగుతుంటుంది. ఆ ఎత్తులో ఏముందని చూడాలి? ఏమీ లేదు, ఉల్కలు కాలగా మిగిలిన కొద్దిపాటి సోడియం ఉంది, మన ఉప్పులో ఉండే సోడియమే, పల్చటి పొరలా పరుచుకుని. కిందనుంచి సరిగ్గా దానికి నచ్చిన పసుపు రంగు లేజరు వెలుగుతో తడితే ఆ పొర తిరిగి మినుకుమంటుంది, ఆ మినుకును ఏరుకుని, అక్కడ ఎంత వెచ్చగా ఉందో, గంట గంటకూ ఆ వెచ్చదనం ఎలా ఎక్కి దిగుతోందో చెప్పొచ్చు. ఈ గదిలో ఉన్న యంత్రం, లైడార్, చేసే పని ఇంతే. ఎవరైనా పెళ్ళిలోనో పేరంటంలోనో నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే ఆమె ఇంతా చెప్పదు, వాతావరణం ఆఫీసు అంటుంది, వాళ్ళు వెంటనే రేపు వాన పడుతుందా అంటారు, ఆమె పడొచ్చండీ అంటుంది.

చిక్కల్లా పగటితోనే. రాత్రయితే ఆ మినుకును లెక్కపెట్టుకోవచ్చు, పగలు ఆకాశమంతా వెలుగే, అందులో మన వెలుగు ఏదో, సూర్యుడిది ఏదో. అందుకని ప్రపంచంలో చాలామంది రాత్రే చూసి, పొద్దున్నే మూత వేసుకుని ఇళ్ళకు పోతారు. రాత్రి చూపులో ఒక అల ఎక్కి దిగినట్టు కనిపిస్తుంది, అది రోజుకొక్కసారి వచ్చేదో రెండుసార్లు వచ్చేదో సగం చూసినవాడికి తెలియదు, తెలియకపోయినా ఏదో ఒకటి రాసేయాలి కదా. రెండేళ్ళ కిందట ఎవరో పరాయి దేశపు పిల్ల రాసిన వ్యాసం పరిశీలనకు వస్తే ఆమె దాన్ని మొహమాటం లేకుండా తిప్పికొట్టింది. సగం రోజు చూసి రోజంతటి సంగతి తేల్చడం కుదరదు అని రాసి పంపింది. రాసి, తన చేతుల్లో ఉన్నదీ సగం రోజు చూపే కదా అని సిగ్గుపడి, రంగుల్లో ఒక్క సన్నటి గీతను మాత్రమే లోపలికి రానిచ్చే వడపోత కోసం పట్టుబట్టి, తిట్లు తిని, తిట్టి, చివరికి సంపాదించింది. నిన్నటినుంచి సాగుతున్న ఈ ఏకబిగి చూపు ఆ వడపోతతో మొదటిది. పగలూ రేయీ ఆగకుండా, మధ్యలో ఈ ఒక్క మూత గంట తప్ప.

ఫలితం ఇంకా లెక్కగట్టలేదు గానీ పొద్దున్నే ఆమెకు అర్థమైపోయింది. ఇన్నాళ్ళ రాత్రి చూపును బట్టి అది రోజుకు రెండుసార్లు వచ్చే అల అని అందరూ, ఆమెతో సహా, తీర్మానించుకుని ఉన్నారు. అలా అయితే పొద్దున రెండోసారి పైకి లేవాలి. ఆమె కంప్యూటరు తెరకు మొహం ఆనించి చూసింది. లేవలేదు. ఆ వేళకు రావలసిన గట్టు చోట తిన్నటి పల్లం ఉంది. అంటే అది నెమ్మదైన అల, రోజంతా తీసుకుని ఒకే ఒక్కసారి ఎక్కి దిగే అల, దాని సగాన్ని చూసి వీళ్ళు మొత్తం అనుకున్నారు. ఆమెకు కోపం రాలేదు, విచారం రాలేదు, ఎవర్నో చాలా ఏళ్ళు పొరపాటు పేరుతో పిలిచి ఇవాళ తెలుసుకున్నట్టనిపించింది, అంతే.

ఎండచుక్క గుండ్రం నడిమికి వచ్చింది. సూర్యుడిప్పుడు సరిగ్గా ఈ రేకుకు పైన. ఇంట్లో నాన్న ఏం చేస్తుంటాడు?

ఆమె కాళ్ళు పెట్టె మీదినుంచి దించింది. ఈ ప్రశ్న ఇంత ఖాళీగా ఎందుకుంది? నాన్న వచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మ పోయాక కొన్నాళ్ళు తమ్ముడి దగ్గర ఉన్నాడు, ఆ తర్వాత ఆయనే, అమ్మాయి ఒక్కతే ఉంటుంది కదా అని ట్రంకుపెట్టెతో దిగాడు. ఈ ఎనిమిది నెలలూ తను చూసిన నాన్న ఎవరు? తెల్లారగట్ల తలుపు తీసి, మాటా పలుకూ లేకుండా టీ గ్లాసు చేతికిచ్చే మనిషి. సాయంత్రం తను లేచి గదిలోంచి వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, ఎటో చూస్తూ ఊపిరైనా తీస్తున్నాడో లేదో తెలియనంత కదలకుండా కూర్చున్న మనిషి. ప్రతి సాయంత్రం అదే కుర్చీ, అదే వాలిన తల. అది చూసి ఆమె గుండె జారిపోయేది. నాన్నకు అమ్మ గుర్తొస్తోంది, ఈ నోరులేని ఇంట్లో మనిషి ఎండిపోతున్నాడు అనుకునేది. అనుకునే తమ్ముడికి ఫోను చేసింది. నాన్న నా దగ్గర దిగులు పడిపోతున్నారురా, నీ దగ్గరైతే పిల్లలు ఉంటారు, సందడిగా ఉంటుంది అంది. వాడు, అదేంటక్కా, నీ దగ్గరే బాగుంటుందని ఆయనే కదా వచ్చింది అన్నాడు, అని, సరే నువ్వు చెబుతున్నావు కదా వస్తాలే అన్నాడు. నాన్నతో అంటే నాన్న తల ఊపాడు. ఆ ఊపులో అవునూ లేదు, కాదూ లేదు, ఆ రోజు సాయంత్రమే ట్రంకుపెట్టె మంచం కిందనుంచి బయటికొచ్చింది.

తెల్లారగట్ల ఒక్క చూపు, సాయంత్రం ఒక్క చూపు. మధ్యలో మొత్తం రోజు ఉంది, దాన్ని తను తెరలు లాగేసి నిద్రలో గడిపింది. సగం కూడా కాదు, రెండు ముక్కలు చూసి మనిషి మొత్తాన్ని తేల్చేసింది, ఆ పరాయి దేశపు పిల్ల నయం, పాపం అది రాత్రంతా అయినా చూసింది. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే కళ్ళు చెమర్చాయి. అప్పుడు పెరటి గొళ్ళెం గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందంటే ఇందాక అమ్మ చుట్టిన గుడ్డ గుర్తొచ్చింది కాబట్టి. ఆ మధ్య ఒకరోజు పెరటి తలుపు తీయబోతే గొళ్ళేనికి పాత లుంగీ పేలిక చుట్టి ఉంది. చేతులు తుడుచుకోవడానికి కట్టుకున్నాడేమో, ఇంత చాదస్తం ఏమిటి అనుకుని ఆమె దాన్ని విప్పి పారేసింది. మర్నాటికి మళ్ళీ ఉంది. ఈసారి ఇంకా గట్టిగా, దారంతో కుట్టి మరీ.

ఆమె గబుక్కున ఫోను అందుకుంది. తీరా నంబరు నొక్కబోతూ ఆగింది, పడుకుని ఉంటాడేమో, భోజనం చేస్తుంటాడేమో, ఏం చేస్తుంటాడో తెలియని మనిషికి ఏ వేళ ఫోను చేస్తే మాత్రం ఏం, తెలుసుకోవడానికే కదా చేసేది. నొక్కింది.

చాలాసేపు మోగింది. ఆ తర్వాత చెవి పగిలేలా ఒక గొంతు, "హలో! ఎవరండీ? కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఇక్కడంతా గోలగా ఉంది!"

ఎవరింటికో వెళ్ళింది ఫోను అనుకుంది ఆమె. ఆ గొంతు వెనక రేడియోలో ఎవరో పాట ఎత్తుకున్నారు, ఇంకెవరో బల్ల మీద అరచేత్తో చరిచి పగలబడి నవ్వుతున్నారు, పొయ్యి మీద ఏదో ఈల వేస్తోంది, కుర్చీ నేలమీద బరబరా జరిగింది. ఆ నవ్వు ఆగకుండానే మొదటి గొంతు, "నవ్వకయ్యా బాబూ, ఫోనొచ్చింది!" అని అరిచింది, అరుస్తూ తనూ నవ్వుతోంది. అప్పుడు పోల్చుకుంది. నాన్న గొంతే.

"నాన్నా, నేను."

ఆ తర్వాత జరిగింది ఆమె చెవులతో చూసింది. పాట మధ్యలో రేడియో నొక్కుకుపోయింది. ఉష్ అని వినిపించింది. నవ్వు ఎక్కడిదక్కడ తెగింది. పొయ్యి కట్టేసిన చప్పుడు, ఈల సన్నగిల్లి పోవడం. ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వచ్చినట్టు చప్పుళ్ళన్నీ ఒకటొకటిగా ఆరిపోయి, చివరికి ఆమెకు బాగా తెలిసిన ఇల్లు మిగిలింది. ఆ నిశ్శబ్దాన్ని ఒక మనిషి చేత్తో తయారు చేస్తాడని ఆమెకు ఇవాళే తెలిసింది.

"వచ్చేస్తున్నావా అమ్మా?" నాన్న గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "పక్క వేసే ఉంచాను. తెరలు కూడా లాగేశాను."

"ఇంకా పనిలోనే ఉన్నాను నాన్నా. సాయంత్రానికి వస్తాను. అక్కడెవరు?"

"ఎవరూ లేరే."

"ఎవరో నవ్వారు."

"ఆ... ఎదురింటి దర్జీ. వెళ్ళిపోతున్నాడులే."

"నేనెందుకు వెళతాను? ఆట నాది!" అంది వెనకనుంచి ఇంకో ముసలి గొంతు.

"రోజూ వస్తారా ఆయన?"

నాన్న కొంచెం తటపటాయించాడు, దొంగతనం బయటపడిన పిల్లాడిలాగా. "నువ్వు పడుకున్నాక వస్తాడు. పెరటి వరండాలో కూర్చుని నాలుగు ఆటలు పేక వేసుకుంటాం, ఊరికేనే, పందెం గిందెం ఏమీ లేదు. నీకు చప్పుడు కానివ్వం. ఇతనికి సైగలన్నీ నేర్పించేశాను, ఆట మొత్తం చేతుల్తోనే. ఇవాళ నువ్వింట్లో లేవు కదా అని కాస్త నోళ్ళు విప్పాం."

"రోజంతా మీ నోరు కట్టేసి పడుకుంటున్నానన్నమాట నేను."

"ఎవరు కట్టారు?" అన్నాడు నాన్న, ఆ మాట నిజంగానే అర్థం కానట్టు. "రాత్రంతా మేలుకుని వచ్చేదానివి. ఇంట్లో ఒకళ్ళు పడుకున్నప్పుడు ఇంకొకళ్ళు చూసుకోవాలిగా. నేను ఉద్యోగం చేసిన అన్నేళ్ళూ మీ అమ్మ అదే చేసింది. నేనప్పుడు పడుకుని ఉండేవాణ్ణి కదా, ఎంత పనో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. ఇక్కడి పాతసామాన్లవాణ్ణి ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మరి సాయంత్రాలు అలా ఎందుకు కూర్చుంటారు నాన్నా? నేను లేచి వచ్చేసరికి. దిగులుగా."

"దిగులా? ఎప్పుడు?"

"రోజూ. కిటికీ పక్కన, తల వాల్చుకుని."

"ఓ, అదా," అన్నాడు. "నువ్వు లేచావేమోనని నీ గది వైపు చెవి పెడతానమ్మా. లేవగానే టీ పెట్టాలి కదా. మెషిను పక్కన బతికిన చెవులు, మంచం కిర్రుమన్న చప్పుడు వినపడాలంటే నేను ఊపిరి కూడా బిగబట్టాలి."

ఎండచుక్క గుండ్రం అవతలి అంచు వైపు జరిగింది. ఆమె దాన్నే చూస్తోంది, అది నీళ్ళలో ఉన్నట్టు కదులుతోంది, ముక్కు ఎగబీల్చి చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంటే మళ్ళీ రూపాయి బిళ్ళయింది. అడగాల్సింది ఇంకొకటి ఉంది, అదే అసలుది.

"నాన్నా, మీకు తమ్ముడి దగ్గరికి వెళ్ళాలని ఉందా?"

"నువ్వే కదమ్మా వెళ్తే బాగుంటుందన్నావు. నేనుంటే నిద్ర చెడుతోందేమో, ఆ మాట చెప్పలేకపోతున్నావేమో అనుకున్నాను."

"మీరొచ్చాకే నాకు నిద్ర పడుతోంది," అందామె. అన్నాక తెలిసింది, అది నిజమని. అంతకుముందు ఎన్ని తెరలు లాగినా కుక్క మొరిగితే లేచేది, కాలింగ్‌బెల్లుకు లేచేది, ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా మధ్యలో లేవలేదు, ఈ వీధి మంచి వీధైపోయిందని మురిసిపోయింది గానీ ఎలా అయిందో అనుకోలేదు. "వెళ్ళకండి నాన్నా. నాకు మీరు కావాలి."

ఇలాంటి మాట ఆమె ఎప్పుడూ అనలేదు, ఆయన ఎప్పుడూ వినలేదు. ఆయన గొంతు సవరించుకుని, "అయితే ఆ ట్రంకుపెట్టె విప్పెయ్యనా?" అన్నాడు.

"విప్పేయండి."

"వాడు పాపం అంత దూరంనుంచి కారేసుకుని వస్తాడే."

"టీ తాగి వెళ్తాడు. పేకలో మూడో చెయ్యి కూడా అవుతాడు."

"వాడికి పేక రాదు, లెక్కలే వచ్చు," అన్నాడు నాన్న, గుసగుసలోనే నవ్వుతూ. "సరే, నీకు పనుంటుంది. పెట్టెయ్యనా?"

"వద్దు. ఫోను అక్కడే బల్ల మీద పెట్టేసి ఆడుకోండి. రేడియో పెట్టండి. ఇందాక ఎలా ఉందో అలా."

"ఎందుకమ్మా?"

"ఊరికే. ఈ వేళప్పుడు మన ఇల్లు ఎలా ఉంటుందో వింటాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు దబ్బుమని వచ్చింది. రేడియో మొదట సన్నగా, భయపడుతూ మొదలైంది, ఎవరి చెయ్యో కొంచెం పెంచింది, ఇంకొంచెం పెంచింది. ముక్కలు కలుపుతున్న చప్పుడు. దర్జీ ఏదో అన్నాడు. నాన్న ముందు ఉష్ అన్నాడు గానీ మరుక్షణం తనే ఫోను సంగతి మర్చిపోయి, "అది నా రాణి, నువ్వెట్లా ఎత్తుకుంటావయ్యా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆమె ఫోను కీబోర్డు పక్కన పెట్టుకుని దాని మీదికి తల వాల్చింది.

ఎండచుక్క సుద్దగీతను దాటింది. మూత బాబాయి అది పైనుంచే ఎలా కనిపెట్టాడో, చక్రాలు కిర్రుమన్నాయి, రేకు జరిగింది, తెల్లటి వెలుగు టెలిస్కోపు గొట్టంలోకి దిగింది, తెర మీద నిద్రపోతున్న గీత ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచింది. మొదటి లెక్కలు వస్తున్నాయి. మూతకు ముందు ఆగిన చోటు, ఇప్పుడు మొదలైన చోటు, మధ్యలో గంట ఖాళీ, ఆ ఖాళీ మీదుగా నెమ్మదైన అల పెద్ద తొందరేం లేకుండా పైకి ఎక్కుతోంది. ఎక్కనీ. సాయంత్రం దాకా ఉంది కదా. నిద్ర అప్పుడు వచ్చింది, ఆమె పిలవలేదు, పాటలోంచీ ముక్కల టపటపలోంచీ దర్జీ నవ్వులోంచీ తనే వచ్చింది, చిన్నప్పటి నుంచీ నిద్రంటే చప్పుడు లేనిదే అనుకున్న మనిషికి అంత గోలలో కనురెప్పలు వాటంతటవే దిగిపోయాయి.

"లెక్కలు బాగా వస్తున్నాయమ్మా," అంటున్నాడు మూత బాబాయి ఎక్కడో దూరంనుంచి, నిచ్చెన దిగుతూ. ఆ తర్వాత దగ్గరగా, గొంతు బాగా తగ్గించి, "పడుకున్నారా? నేను చూసుకుంటాలెండి. ఈ ఫోనేంటి, ఇంత గోల చేస్తోంది, కట్టెయ్యనా?"

ఆమె కళ్ళు తెరవలేదు. చెయ్యి ఒక్కటి కొంచెం పైకి లేపి, చూపుడువేలిని గాల్లో గుండ్రంగా ఒక్క చుట్టు తిప్పింది.